కాశ్మీర్ ప్రశ్నకు మూడు మార్కులు

మొదటిసారి స్పాట్ వాల్యుయేషన్‌కు పోతున్నాం, ఏమైనా జాగ్రత్తలు చెప్పండి సార్ అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు కుర్ర లెక్చరర్లు ఫోన్ చేశారు. ఎర్ర పెన్నులు రెండు పెట్టుకోండి, మంచినీళ్ళ సీసా మరిచిపోకండి, ఫ్యాను కింద కుర్చీ కావాలంటే పెందలాడే చేరుకోండి అని చెప్పాను. ఇవి ఎవరైనా చెప్పే జాగ్రత్తలే. నేనే చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది ఫోనులో చెప్పడానికి సిగ్గేసి, ఇక్కడ రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో రాజనీతి శాస్త్రం చెప్పాను. అందులో ఎక్కువ కాలం నగరి పక్కన. మరమగ్గాల ఊళ్ళవి. తెల్లారింది మొదలు వీధి వీధంతా టకటకమంటూనే ఉంటుంది. నేను చేరిన కొత్తలో క్లాసులో పిల్లలు ఏ సందేహం అడిగినా నా మీదికి పోట్లాటకు వస్తున్నారేమో అనుకునేవాణ్ణి. మగ్గం పక్కన పుట్టి పెరిగిన వాళ్ళకు అదే మెల్లగా మాట్లాడడమని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. కరెంటు పోతే మాత్రం ఊరంతా ఒక్కసారిగా ఆగిపోయేది. అప్పుడే జనం బయటికొచ్చి కూర్చునేవాళ్ళు, తమిళ పేపరు ఒకరు, తెలుగు పేపరు ఒకరు పట్టుకుని పైకి చదివేవాళ్ళు. కరెంటాఫీసు వాళ్ళను అందరూ తిట్టుకునేవాళ్ళు గానీ, ఆ ఊళ్ళలో లోకజ్ఞానం పంచిపెట్టింది వాళ్ళే.

ఇక నా సంగతి. ఈ జిల్లాలో రాజనీతి శాస్త్రం చదివిన వాళ్ళకు నా ముఖం తెలియకపోయినా నా నోట్సు తెలుసు. ఉద్యోగంలో చేరిన మొదటి ఎండాకాలం తిరుపతిలో యూనివర్సిటీ లైబ్రరీలో నెల రోజులు కూర్చుని రాసిన నోట్సు అది. అందులో బాగా పేరు తెచ్చుకున్న జవాబు, ‘కాశ్మీర్ సమస్య పట్ల అమెరికా విధానం’. ఆరు పాయింట్లు. తొలిరోజుల్లో అమెరికా ఐక్యరాజ్య సమితిలో ప్రజాభిప్రాయ సేకరణ కావాలంది. సిమ్లా ఒప్పందం తర్వాత, ఇది భారత్, పాకిస్తాన్ తమలో తాము తేల్చుకోవలసిన సమస్య అంది. ఇలా సాగి, ఆరో పాయింటు ఒక్క వాక్యంతో ముగుస్తుంది: ‘నాటి నుండి నేటి వరకు ఈ విధానంలో ఎట్టి మార్పు లేదు.’

రాసిన ఏడు అది బాగానే ఉండిందనుకుంటాను. ఆ తర్వాత ఆ దేశానికి అధ్యక్షులు వచ్చారు, పోయారు. ఒకరికి అఫ్గానిస్తాన్ పని పడి పొరుగు దేశాన్ని భుజాలకెత్తుకున్నారు. ఒకరి హయాంలో మానవ హక్కులు అన్నారు, అణుబాంబుల భయం అన్నారు. మన బజారు మీద మనసు పడ్డాక, అది మీ ఇంటి విషయం, మాకెందుకన్నారు. ఇంకొకాయన వచ్చి, కావాలంటే నేను మధ్యలో కూర్చుని తీరుస్తానన్నాడు, మనవాళ్ళు వద్దన్నారు. అంత పెద్ద దేశం ఇన్నిసార్లు మాట మార్చినా నా నోట్సు మాత్రం మారలేదు. పుత్తూరులో, చిత్తూరులో, తిరుపతిలో జిరాక్సు అంగళ్ళ వాళ్ళు దాన్ని కట్టలు కట్టలుగా అమ్ముతుంటే, నేను ఆ దారిన పోయేటప్పుడు కాస్త నిదానంగా నడిచేవాణ్ణి.

వాల్యుయేషన్ క్యాంపులో ప్రతి ప్రశ్నకూ ముందుగా ఒక కీ తయారు చేస్తారు. ఏ పాయింటుకు ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. ఆ ఏడు కాశ్మీర్ ప్రశ్న పదిహేను మార్కులకు వచ్చింది. కీ ఎవరు రాస్తారంటే అందరూ నా వైపే చూశారు. ఆరు పాయింట్లు, పాయింటుకు రెండున్నర. లెక్క అంత చక్కగా కుదిరినందుకు నేను మురిసిపోయాను కూడా.

మా చీఫ్ ఎగ్జామినర్ చిత్తూరు వైపు పెద్దాయన. ఏ కట్ట విప్పినా ముందు కళ్ళకు అద్దుకునేవాడు. “ఇది ఒక్కొక్క బిడ్డ మూడేండ్ల కష్టం అప్పా” అని మాకు రోజూ చెప్పేవాడు. మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చిన నిమ్మకాయ ఊరగాయ అందరి ఆకుల్లోకీ తనే వడ్డించేవాడు. పక్క టేబుల్లో చరిత్ర మేడమ్ ఉండేది. ఆమెదీ నాదీ ఒకే కాలేజీ. ఆమె నోటికి జడిసి అటెండర్లు ఆ టేబులుకు టీ ముందుగా ఇచ్చేవాళ్ళు. నేను రోజుకు నలభై పేపర్లు దిద్దేవాణ్ణి. చెయ్యి దానంతటదే పోతుండేది. కళ్ళు పాయింట్ల కోసం వెతికేవి, పిల్లలు కూడా అది తెలిసే స్కెచ్ పెన్నుతో కింద గీతలు కొట్టి ఉంచేవాళ్ళు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం గీతల్లేని పేపరు ఒకటి వచ్చింది. కాశ్మీర్ ప్రశ్న ఒక్కదానికే తొమ్మిది పేజీలు రాసి ఉన్నారు. దాంతో సమయం చాలక చివరి రెండు ప్రశ్నలు వదిలేశారు. పేపర్ల మీద పేర్లుండవు, కోడ్ నంబరే ఉంటుంది. నా ఆరు పాయింట్లలో రెండు మాత్రం ఎక్కడో అరకొరగా దొరికాయి. ఆ మధ్యలో, పక్కపక్క ఇళ్ళలో రెండు మగ్గాల వాళ్ళు, వాళ్ళ నడుమ ఒక తగాదా గోడ, ఆ ఇద్దరికీ నూలిచ్చే సావుకారు అంటూ ఏదో కథ ఉంది. నాకు నవ్వొచ్చింది. అంతటితో ఊరుకోలేదు. “ఇది వినండి, అమెరికా అధ్యక్షుణ్ణి లుంగీల సావుకారును చేసినారు” అని ఆ నాలుగు వాక్యాలు టేబులంతా వినేట్టు చదివాను. చరిత్ర మేడమ్ కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వింది. పెద్దాయన మాత్రం తల ఎత్తలేదు. నేను మార్జిన్‌లో ‘అప్రస్తుతం’ అని రాసి, మూడు మార్కులు వేశాను. మొత్తం ముప్పై ఒకటి. పాసు కావడానికి ముప్పై అయిదు రావాలి. ఆ కట్ట పక్కన పెట్టి టీ తాగాను.

ఫలితాలు వచ్చాక ఒకరోజు మా ఆఖరి ఏడు అమ్మాయి ఒకతె వాళ్ళమ్మను వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. మూడేళ్ళూ ముందు బెంచీలో కూర్చున్న పిల్ల, నేను ఏ పాఠం చెప్పినా ‘ఎందుకు సార్’ అని లేచేది. ఆమె ఎందుకులతో నాకు సిలబస్ వెనకబడేది, అయినా ఆమె రాని రోజు క్లాసు చప్పగా ఉండేది. వాళ్ళకు రెండు మరమగ్గాలు. ఒకటి నాయన చూస్తాడు. రెండోదాని మీద ఈ పిల్ల కూర్చోవాల్సింది, డిగ్రీ అయ్యే దాకా అని కూలిమనిషిని పెట్టారు. తిరుపతిలో ఎం.ఏ. సీటు వస్తే ఆ కూలిమనిషి ఇంకో రెండేళ్ళు ఉంటాడు. కౌన్సెలింగుకు నెల రోజులు కూడా లేదు, ఈ పిల్ల చేతిలో పాసైన మార్కుల మెమో లేదు.

“సార్, నేను తప్పినానంట. ఎట్ల తప్పినానో అర్థం కాలేదు. పేపరు కాపీ తెప్పించుకున్నాను, ఒకసారి సూడండి” అంది. గొంతు నగరి గొంతు. స్టాఫ్ రూములో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు.

కాపీ తెరిచాను. మొదటి పేజీలోనే నా టిక్కు కనిపించింది. నా టిక్కు తోక పొడుగ్గా పైకి పోయి, చివర ఒక చుక్క పడుతుంది. ఇంకు పెన్ను రోజుల అలవాటు. పేజీ తిప్పితే మార్జిన్‌లో ‘అప్రస్తుతం’.

“ఎవురు దిద్దినారో తెలుసుకోవచ్చునా సార్?” అనడిగింది.

“అది రహస్యమమ్మా. ఎవరికీ చెప్పకూడదు, రూలు” అన్నాను. రూలు నిజమే. కానీ ఆ క్షణంలో నేను రూలు కోసం అనలేదు.

వాళ్ళమ్మ అంతవరకు ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడి ఉంది. “ఎవురైతే ఏముండాదిలే సారూ” అంది. “బిడ్డ రాసింది తప్పా ఒప్పా, అదొక్కటి సెప్పండి సాలు. తప్పయితే రేపట్నుంచి మగ్గం కాడ కూసుంటాది, మాకేం బాధ లేదు. ఒప్పయితే ఇంకో దారి సూస్తాము.”

ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను అంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. చదివి చెప్తాను, కాపీ ఉంచిపొండి, ఈలోగా రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు పెట్టండి అన్నాను. ఇద్దరూ దండం పెట్టి వెళ్ళారు. ఆ దండం నాకు చాలా బరువనిపించింది.

సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆ తొమ్మిది పేజీలు చదివాను. పాయింట్ల కోసం వెతక్కుండా, మొదటి నుంచి చివరి దాకా, ఒక మనిషి చెప్పే మాట విన్నట్టు చదివాను. అమెరికా ఎప్పుడెప్పుడు మాట మార్చిందో వరుసగా రాసింది. మార్చిన ప్రతిసారీ ఆ ఏడు ఆ దేశానికి ఏం కావలసి వచ్చిందో పక్కనే రాసింది. నేను క్యాంపులో నవ్వులకు చదివిన కథ ఆ తర్వాత వస్తుంది. సావుకారుకు మొదటి ఇంటి లుంగీలు కావాల్సిన ఏడు, గోడ విషయంలో వాళ్ళ మాటా వినాలి అంటాడు. రెండో ఇంటి గుడ్డ గిరాకీ పెరిగిన ఏడు, అది మీ ఇళ్ళ మధ్య సంగతి, నన్ను లాగొద్దంటాడు. ఇద్దరితోనూ పని పడినప్పుడు, నేనొచ్చి పంచాయితీ చేస్తానంటాడు. ‘సావుకారు గోడ గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆయన చూపు మాత్రం ఆ ఏటి ఆర్డరు మీద ఉంటుంది. కనుక ఆయన మనవైపు మాట్లాడినప్పుడు పొంగిపోవడం, అటువైపు మాట్లాడినప్పుడు కుంగిపోవడం, రెండూ ఆ ఇళ్ళవాళ్ళ తెలివితక్కువే’ అని ముగించింది.

ఆ పిల్ల మూడేళ్ళుగా అడుగుతున్న ‘ఎందుకు’కు తనే జవాబు రాసుకుంది. నా ఆరు పాయింట్లలో ఎక్కడా ఎందుకు అన్నది లేదు. చదవడం అయ్యాక, ఆమె రాసింది ఒప్పని వాళ్ళమ్మకు చెప్పడం తేలికేననిపించింది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టి కూర్చోలేకపోయాను. రీవాల్యుయేషన్ చేసేవాళ్ళు కూడా కీ చూసే దిద్దుతారు. ఆ కీ నాదే. ఇంకొకరి ఎర్ర పెన్నుతో మళ్ళీ మూడు మార్కులే పడతాయి.

మరునాడు సెలవు పెట్టి మొదటి బస్సుకు తిరుపతి వెళ్ళాను, పెద్దాయన పనిచేసేది అక్కడి కాలేజీలోనే. దారి పొడుగునా పెద్దాయనతో ఏమని చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆయన కాలేజీ వరండాలో చెప్పులు విడుస్తున్నాడు.

“ఏమప్పా, పొద్దున్నే ఇంత దూరం?”

కూడబలుక్కున్నదంతా పోయింది. “ఇది నేను దిద్దిన పేపరు సార్. తప్పు దిద్దినాను” అన్నాను.

ఆయన కాపీ తీసుకుని, అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుని, వేలు పెట్టి తొమ్మిది పేజీలూ చదివాడు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. ‘అప్రస్తుతం’ దగ్గర వేలు కాసేపు ఆగింది.

“ఆ పొద్దు నువ్వు చదివి నవ్వించినావే, అది ఇదేనా?”

“ఇదే సార్.”

“అప్పుడే నన్నడిగి చూపించి ఉంటే బాగుండు. నేనూ అడగలేదు. కీ మీద సంతకం నాది కదా.” కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “సరే, ఈ బిడ్డ ఒక్కదాని సంగతేనా? నీ ఆరు పాయింట్లు పట్టుకొని మనం ఎంతమందిని కోసినామో?”

నిజం చెప్తున్నాను, నాకు ఆ ఆలోచనే రాలేదు. నా శిష్యురాలికి న్యాయం చేస్తున్నానని బస్సులో కాస్త గర్వంగా కూడా ఉండింది. అది అక్కడితో దిగిపోయింది.

“రాసియ్యి” అన్నాడు పెద్దాయన. “మెమో ఇస్తారు. కొన్నేండ్లు వాల్యుయేషన్‌కు పిలవరు. నలుగురూ నాలుగు మాటలంటారు. అన్నీ తెలిసే రాసియ్యి.”

మొదటి కాగితంలో, సిలబస్‌లో స్పష్టత లేనందువల్ల పొరపాటు జరిగిందని రాశాను. ఆయన చదివి, “సిలబస్ వచ్చి దిద్దినాదా అప్పా?” అని తిరిగి ఇచ్చాడు. రెండో కాగితంలో పని ఒత్తిడి అని రాశాను. “ఒత్తిడిలో జోకు చదివినావా?” అని అదీ ఇచ్చేశాడు. మూడోదాంట్లో రెండే వాక్యాలు రాశాను. నేనిచ్చిన కీ పాతది, అసంపూర్ణమైనది. దానితో దిద్దిన జవాబులన్నిటినీ తిరిగి దిద్దించవలసిందిగా కోరుతున్నాను. ఆయన చదివి, తన సంతకం కూడా కింద పెట్టాడు. పెట్టాల్సిన అవసరం ఆయనకు లేదు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్న మనిషి.

పరీక్షల విభాగం వాళ్ళు మమ్మల్ని నాలుగు రోజులు తిప్పుకుని, చివరికి ఆ ఒక్క ప్రశ్న వరకు అందరి జవాబులూ మళ్ళీ దిద్దడానికి ఒప్పుకున్నారు. కొత్త కీ పెద్దాయన రాశాడు. అందులో సగం మార్కులు ‘కారణాల విశ్లేషణ’కు పెట్టాడు. దిద్దడానికి వేరే కాలేజీల వాళ్ళను ఇద్దరిని పిలిచాడు.

“నువ్వు పెన్ను ముట్టుకోవద్దు. కట్టలు మొయ్యి” అన్నాడు నాతో. రెండు రోజులు మోశాను. మొదటి రోజు పొద్దున మెట్ల దగ్గర చరిత్ర మేడమ్ కనిపించింది. ఆమె సబ్జెక్టు కాదు, ఆమెను ఎవరూ పిలవలేదు.

“మీరేంది మేడమ్ ఈడ?” అన్నాను.

“ఆ పొద్దు అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే కదా. కట్టలన్నా కడతాను, జరుగు” అని నా చేతిలోని పురికొస లాక్కుంది. ఆ రెండు రోజులూ ఆమె నన్ను ఏమీ ఎత్తిపొడవలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది. మధ్యాహ్నం పెద్దాయన ఎప్పటిలాగే నిమ్మకాయ ఊరగాయ వడ్డించాడు, నాకు మాత్రం రెండు ముక్కలు.

మా పిల్లకు ఆ ప్రశ్నకు పదమూడు వచ్చాయి. ఆమెతో పాటు ఇంకో నలుగురైదుగురు కూడా గట్టెక్కారు. వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో నాకిప్పటికీ తెలియదు. కోడ్ నంబర్లే తెలుసు. నాకు మెమో వచ్చింది, మూడేళ్ళు వాల్యుయేషన్‌కు పిలవలేదు. మొదటి ఏడు ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరికే ఉండక, మా ఆవిడ రాసుకున్న సరుకుల చీటీకి కూడా టిక్కులు పెట్టాను.

సీటు వచ్చింది. టి.సి. తీసుకోవడానికి ఆ పిల్ల, వాళ్ళమ్మ మళ్ళీ కాలేజీకి వచ్చారు. పేపరు మళ్ళీ దిద్దారని వాళ్ళకు తెలుసు, మొదట దిద్దిందెవరో నేను చెప్పలేదు. చెప్పకుండానే గడిచిపోయేది. కానీ వాళ్ళమ్మ మళ్ళీ దండం పెట్టింది. ఆ రెండో దండం నేను మోయలేకపోయాను.

“అమ్మా, ఒక మాట” అన్నాను, పక్కవాళ్ళకు వినబడకుండా, వీలైనంత మెల్లగా. “ఆ పేపరు మొదట దిద్దింది నేనే. ఆ మూడు మార్కులూ వేసింది నేనే. మార్జిన్‌లో ఆ మాట రాసింది నేనే. ఆ రోజు అడిగితే రూలని దాటేసినాను. తప్పయిపోయింది.”

“తెల్సు సార్” అంది ఆ పిల్ల.

“తెలుసా?”

“మీ టిక్కు నాకు తెల్దా సార్? మూడేండ్లు నా నోట్సులన్నిట్లో సూసినాను. తోక, తోక సివర సుక్క.”

“మరి ఎవరు దిద్దినారని నన్నే ఎందుకడిగినావు?”

“మీరు చెప్తారో లేదో సూద్దామని” అంది. నగరి గొంతు కదా. స్టాఫ్ రూముతో పాటు ఆఫీసు, వరండా, సైకిలు స్టాండు కూడా విన్నాయి. చరిత్ర మేడమ్ ఈసారి నవ్వలేదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది, అంతే.

వాళ్ళమ్మ కూతురి మోచేతి మీద చిన్నగా తట్టింది. “నేనే సెప్పినాను సారూ. ఆయన దగ్గిరికే పోదాము, ఆయన మీద సెప్పుకోను ఇంకెవురి కాడికీ పోవద్దు అని. సదువు సెప్పిన మనిషి కదా” అంది.

మూడేళ్ళు ఆ పిల్ల నా టిక్కులను అంత శ్రద్ధగా చూసుకుంది. నేను ఆ మూడేళ్ళూ ఆమె నోట్సులు దిద్ది కూడా, తొమ్మిది పేజీల ఆమె చేతిరాత నా ముందుంటే గుర్తుపట్టలేదు. నా తప్పులన్నిటిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదొక్కటే. కీ పాతదవడం ఎవరికైనా జరుగుతుంది.

ఇప్పుడామె మదనపల్లె వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్తోంది. ఆ పెద్ద దేశం కాశ్మీర్ మీద మాట మార్చినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తుంది. “సార్, టీవీ పెట్టినారా? సావుకారు మళ్ళీ గోడ కాడికి వచ్చినాడు” అంటుంది. ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకుని వింటాను.

ఆ ఏడు నుంచి రిటైరయ్యే దాకా ఆ పాఠం నేను ఆ కాపీ చూసే చెప్పాను. పాత నోట్సు అమ్మొద్దని జిరాక్సు అంగళ్ళ వాళ్ళకు చెప్పి, ఆమెను అడిగి ఇదే ఇచ్చాను. తొమ్మిది పేజీలూ ఆమెవి. నాది అందులో ఒక్కటే మాట ఉంది, మార్జిన్‌లో. దాన్ని చెరిపేసి ఇవ్వమంటారా అని అంగడతను అడిగాడు. వద్దులే, అట్లే ఉండనియ్యి అన్నాను.